గాలి తెరిపి

నడుముకి బెల్టు బిగించి, చేతులకి పట్టీలు వేసి కుర్చీలో కూర్చోబెట్టిన మనిషి అంగుళం కూడా కదలకుండా కొండ మీంచి జారిపోతున్నాడు.

ఆ మనిషి పేరు అప్పలసూరి. కుర్చీ ఉన్నది కొండ కింద, సోనధార్ స్కీ రిసార్టు వాళ్లు ప్రయోగం కోసం ఇచ్చిన చెక్కగదిలో. నిజంగా జారుతున్నది అతని అక్క నూకరత్నం, పైన, ఎండకి మెరిసిపోతున్న మంచు మీద. అయినా ఆమె ఎడమకి ఒరిగిన ప్రతిసారీ సూరి కడుపులో ఏదో ఎడమకి ఒరిగేది. ఆమె చిన్న మిట్ట మీంచి ఎగిరితే అతని గుండె గొంతులోకొచ్చి మళ్లీ కిందికి దిగేది. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తెరిస్తే గది నిలబడి ఉంటుంది, ఒళ్లు పరిగెడుతూ ఉంటుంది. ఆ రెండూ పొసగక వాంతొస్తుంది. మూసుకున్నాడా, ఇంక కొండే. ముఖానికి గాలి తగలదు, చలి తెలీదు, కానీ లోపల మాత్రం జర్రున జారుడు, వంపు, మళ్లీ వంపు.

"ఒరే సూరీ," రేడియోలో అక్క గొంతు. గాలి హోరులో సగం ఎగిరిపోతూ వినిపించింది. "ఏటి చేస్తన్నావురా అక్కడ?"

"ఏటీ చెయ్యట్లేదక్కా. కూర్చున్నాను."

"అలాగే కూర్చో. బాగా కూర్చుంటన్నావు."

పక్కన కంప్యూటరు తెర ముందున్న డాక్టర్ నఫీసా నవ్వింది. ఆమెది కర్నూలు. తలలో కొప్పు, దాని మీద ఉన్ని టోపీ, చేతిలో ఎప్పుడూ చల్లారిపోయిన టీ. ఈ యంత్రం ఆమె కట్టిందే. దానికి 'తోడు' అని పేరు పెట్టుకుంది.

నూకరత్నం విజయనగరంలో కాలేజీ చదివే రోజుల్లో ఎన్‌సీసీ వాళ్లతో పర్వతారోహణ శిక్షణకని హిమాచల్ వచ్చింది. వచ్చి మంచు చూసింది. ఇంక వెనక్కి పోలేదు. స్కీయింగ్ నేర్చుకుని, నేర్పడం మొదలుపెట్టి, సోనధార్‌లోనే ఉండిపోయింది. రెండేళ్ల కిందట మూత్రపిండాలకి చీము పట్టి విషజ్వరం వచ్చింది. ప్రాణం నిలబెట్టడానికి డాక్టర్లు గట్టి ఇంజెక్షన్లు వాడాల్సొచ్చింది. ప్రాణం నిలిచింది గానీ మనిషి నిలవలేదు. ఏది పైనో ఏది కిందో మనకి చెప్పేది చెవి లోపల ఉండే ఒక చిన్న అమరిక. మందు వేడికి అది రెండు వైపులా చచ్చిపోయింది. కళ్లతో చూసుకుంటూ చదునైన నేల మీద మెల్లగా నడవగలదు. ముఖం కడుక్కోవడానికి కళ్లు మూసుకుందా, నరికిన అరటిబోదెలా పడిపోతుంది.

నఫీసా ముందు కంప్యూటరుతో ప్రయత్నించింది. రత్నం హెల్మెట్‌లో ఒరుగుని కనిపెట్టే పరికరాలు, ఆ లెక్క చూసి కాళ్ల కండరాలకి కబురంపే పట్టీలు. లెక్క తప్పలేదు, కానీ రెప్పపాటు ఆలస్యమైంది. వాలు మీద రెప్పపాటు ఆలస్యమంటే పడిపోవడమే. అప్పుడామెకి తట్టింది. ఒరుగుతున్న కబురుని యంత్రానికి కాకుండా తూలకుండా నిలబడే తూకం బాగా తెలిసిన మరో మనిషి మెదడుకి పంపితే? ఆ మెదడు తనే పడిపోతున్నాననుకుని, ఆలోచించకుండా తమాయించుకుంటుంది. ఆ తమాయింపుని తెచ్చి రత్నం కాళ్లకివ్వాలి.

తూకం బాగా తెలిసిన మనిషి రత్నం కుటుంబంలోనే ఉన్నాడు. సూరి గజపతినగరం వైపు తప్పెటగుళ్ల దళంలో ఆడతాడు. గుండెకి తప్పెట, కాళ్లకి గజ్జెలు కట్టుకుని, మనుషుల మీద మనుషులు నిలబడిన గోపురం మీదికెక్కి, ఆ చివర ఒంటికాలి మీద తాళం తప్పకుండా ఆడేది అతనే. అక్క ఫోను చేసిన మర్నాడే స్వెట్టరు కూడా కొనుక్కోకుండా రైలెక్కి వచ్చేశాడు.

ఆ రోజు రత్నం కిందికొచ్చి ఆగినప్పుడు సూరి కుర్చీలోంచే తెలుసుకున్నాడు. ఆమె ఒంట్లో జారుడు ఆగింది. తర్వాత చాలాసేపు ఏదో చిన్నగా ఊగుతూనే ఉంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. నఫీసా పట్టీ విప్పాక తలుపు దగ్గరికెళ్లి చూశాడు. అక్క మంచులో వెల్లకిలా పడుకుని ఆకాశంలోకి చూస్తూ నవ్వుతోంది.

*

అద్దె ఇంట్లో ఆ సాయంత్రం పండగే. రత్నం ఎండునెత్తళ్ల చేపలు వేయించింది. ఆ వాసనకి ఇంటివాళ్లు కిటికీలు మూసుకున్నారు, వీధిలో కుక్క మాత్రం గుమ్మం దగ్గర చేరి కూర్చుంది.

"గాలి చూశావా ఇవాళ?" రత్నం కుక్కకి ఒక ముక్క విసిరి అంది. "ముందు ఎడంపక్కన్నించి కొట్టింది. దానికి ఒరిగి నిలబడ్డానో లేదో, టక్కుమని ఆగిపోయింది. ఆనుకున్న గోడ తీసేసినట్టు. నేను పడిపోయాననుకున్నాను. నువ్వు పట్టుకున్నావు."

"నాకేటీ తెలీదక్కా. నా కాలు దానంతటదే బిగిసింది."

"అదే. ఆ బిగింపు కోసమే రెండేళ్లు ఏడ్చాను." ఆమె కంచం పక్కకి జరిపింది. ముఖం దీపం పెట్టినట్టుంది. "డాక్టరమ్మ ఒప్పుకుంటే పైగట్టు నించి దిగుతాను. అక్కడ నించి చూస్తే రెండు లోయలు ఒక్కసారే కనపడతాయి. నీకూ చూపించాలి గానీ, నువ్వు కుర్చీలోనే ఉండాలి కదా."

సూరి నవ్వి, నీళ్ల చెంబు అందుకోబోయాడు. చెయ్యి చెంబుకి పక్కగా వెళ్లింది. రెండోసారికి అందింది. అక్క చూడలేదు.

మొదట్లో కుర్చీ దిగాక కాసేపే తల తిరిగేది, టీ తాగితే తగ్గేది. పోనుపోను ఆ కాసేపు సాగింది. మెట్లు దిగుతుంటే ఆఖరి మెట్టు ఉన్నచోట ఉండేది కాదు. నడుస్తూ నడుస్తూ గోడ తడుముకునేవాడు. ఒకనాడు పొద్దున్న ఎవరూ లేకుండా చూసి, పెరట్లో ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకున్నాడు. అది అతనికి ఆరేళ్ల వయసు నించి వచ్చిన విద్య. వెళ్లి కట్టెల మోపు మీద పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది.

"ఏట్రా ఆ చప్పుడు?" లోపల్నించి రత్నం అడిగింది.

"జారేనక్కా."

మంచు ఊళ్లో జారిపడ్డవాణ్ని ఎవరూ ఎందుకని అడగరు. రత్నం కూనిరాగం తీస్తూ పొయ్యి దగ్గర పనిలో పడింది. రెండేళ్లుగా ఆ ఇంట్లో పాట వినపడలేదని ఇంటావిడ చెప్పిన మాట సూరికి గుర్తుంది. చలికాలం అయిపోతే కుర్చీ పనీ అయిపోతుంది, తన తూకం తనకొచ్చేస్తుంది అనుకున్నాడు. అలా అనుకుంటే ధైర్యంగా ఉండేది.

*

పైగట్టు నించి దిగే రోజు తెల్లవారింది. ఆకాశం కడిగిన గిన్నెలా ఉంది. కనుమ వైపు నించి చిన్నగా గాలి. రత్నం ఎర్ర జాకెట్టు వేసుకుని, హెల్మెట్ చంకలో పెట్టుకుని, పెళ్లికి బయల్దేరినట్టు రోప్‌వే ఎక్కింది. ఆ పూట పైగట్టు వాలు అంతా ఆమె ఒక్కదానికే వదిలేశారు.

చెక్కగదిలోకి వస్తూ సూరి గడప దగ్గర తూలి ద్వారబంధం పట్టుకున్నాడు. ఈసారి నఫీసా చూసింది. కప్పు కింద పెట్టింది.

"సూరిగారూ, ఒక్కసారి పాదాలు దగ్గరగా పెట్టి నిలబడండి. కళ్లు మూసుకోండి."

"అక్క పైకెళ్లిపోతోంది డాక్టరుగారూ, ఆలస్యం..."

"కళ్లు మూసుకోండి."

మూసుకున్నాడు. నేల ఒక పక్కకి లేచినట్టయింది. తెరిచేసరికి నఫీసా చేతుల్లో ఉన్నాడు. ఇద్దరూ తూలి బల్లకి ఆనుకున్నారు.

"ఎన్నాళ్ల నించి ఇలా ఉంది?"

"కుర్చీ దిగాక కాసేపుండేది. ఈ మధ్య రోజంతా ఉంటంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆపేస్తారు కదండీ."

నఫీసా అతన్ని కూర్చోబెట్టి తనూ ఎదురుగా కూర్చుంది. "నేనే అడగాల్సింది. తెర మీద గీతలు చూసుకుంటూ కూర్చున్నాను గానీ, మనిషిని నిలబెట్టి చూడలేదు," అంది. తర్వాత మెల్లగా చెప్పింది. "ఇది నా ఒళ్లు, ఇది నేల అని మెదడు పుట్టినప్పట్నించీ ఒక గూడు కట్టుకుంటుంది. మీ గూడు మీ అక్క ఒంటికి అలవాటు పడిపోతోంది. ఇక్కడితో ఆపితే చాలావరకు తిరిగి రావచ్చు. ఇంకా కూర్చుంటే రాదు."

"ఈ ఒక్కసారీ కూర్చుంటే?"

"ఈ ఒక్కసారికే పోవచ్చు. పోకపోనూ వచ్చు. నాకు తెలీదు. తెలీదు కాబట్టే వద్దంటున్నాను."

ఆమె లేచి రేడియో అందుకుంది. "రత్నంగారూ, ఇవాళ వద్దు. వచ్చిన రోప్‌వే మీదే దిగి వచ్చేయండి. వచ్చాక చెప్తాను."

అవతల హోరు. ఆ హోరులోంచి రత్నం గొంతు. "ఏ రోప్‌వే డాక్టరమ్మా? నేను దిగీసరికి పెట్టెలు ఊయలూగుతున్నాయి. గాలికి ఆపేశామని ఇప్పుడే ఫోనులో చెప్పారు. ఇక్కడ తలదాచుకోడానికి రేకు పందిరి తప్ప ఏటీ లేదు. దాంట్లోనూ ఒక రేకు నా కళ్లముందే ఎగిరిపోయింది."

నఫీసా కిటికీలోంచి పైకి చూసింది. సూరీ చూశాడు. ఇందాక కడిగిన గిన్నెలా ఉన్న ఆకాశంలో కనుమ మీంచి మబ్బు పొంగు పొంగుగా దిగుతోంది.

"ఇప్పుడు దిగితే మబ్బుకి ముందే వచ్చేస్తాను," రత్నం అంటోంది. "తోడు పెట్టండి."

నఫీసా వేలు రేడియో మీటమీద ఉండిపోయింది. వెనక చప్పుడైతే తిరిగి చూసింది. సూరి కుర్చీలో కూర్చుని, తలపట్టీ తనే పెట్టుకుని, బెల్టు బిగించుకుంటున్నాడు.

"సగం దారిలో రాతిగది ఉంది కదండీ. అక్కడిదాకానే. అక్కడ అక్క ఆగిందంటే తోడు తీసీయొచ్చు. మనుషులెళ్లి తెచ్చుకుంటారు."

"సూరిగారూ..."

"పైన ఉన్నది నా అక్క, డాక్టరుగారూ. మబ్బొచ్చేస్తంది."

నఫీసా తోడు కలిపింది.

*

"బయల్దేరుతున్నాను," అంది రత్నం.

మొదటి జారుడుకే సూరికి ఒళ్లు జలదరించింది. ఇన్నాళ్లూ కింది వాలులే. ఇది వేరు. కింద ఏమీ లేనట్టు, వదిలేస్తే లోయలోకి పోయినట్టు నిలువు వాలు. ఆమె స్కీలతో మంచుని కుడికి కోసింది, ఎడమకి కోసింది, ఆ కోతల్లో భయమన్నది లేదు. గాలి పక్కనించి భుజం పట్టుకు తోసింది. సూరి ఒళ్లు దానికి ఎదురొరిగింది, పైన ఆమె ఒళ్లూ ఒరిగింది. గాలి వదిలేసింది. ఇద్దరూ ఒక్క క్షణం శూన్యంలో తేలి, మళ్లీ నిలదొక్కుకున్నారు. రేడియోలో అక్క ఊపిరి పొట్టేలు రొప్పినట్టు వినిపిస్తోంది. ఆ రొప్పులో ఎంత సంబరం ఉందో సూరికి తెలుస్తోంది. కూలిపోతుందేమోనన్న తన గూడు సంగతే మరిచిపోయాడు. గోపురం చివర నిలబడి జనాన్ని చూసినప్పుడు కూడా అతనికి అంత కుశాలగా అనిపించలేదు.

"రెండు లోయలూ కనపడతన్నాయిరా," అంది రత్నం. "ఎండ ఆ పక్క ఉంది, నీడ ఈ పక్క ఉంది."

ఆ మాట అయ్యీ అవకముందే ఆమె గొంతు మారింది. "వచ్చీసింది. తెల్లగా అయిపోయింది సూరీ. నా స్కీలు నాకే కనపడట్లేదు."

గాలి నేల మీది మంచునంతా ఎత్తి గాల్లో కలిపేసింది. ఆకాశం తెలుపు, నేల తెలుపు, మధ్యలో ఉన్నదీ తెలుపు. కళ్లే ఆధారమైన మనిషికి కళ్లు పోయినట్టే. ఇంక ఆమెకి నిలువేదో అడ్డమేదో చెప్పడానికి లోకంలో ఉన్నది ఒక్క సూరి.

"నేనున్నానక్కా. ఆగకు, మెల్లగా రా."

వచ్చింది. కళ్లు మూసుకున్న తమ్ముడూ, కళ్లు తెరిచినా ఏమీ కనపడని అక్కా కలిసి ఆ కొండ దిగారు. గాలి ఒకసారి వీపు మీద, ఒకసారి రొమ్ము మీద, ఒకసారి కింది నించి. వచ్చిన ప్రతిదానికీ సూరి ఒళ్లు జవాబు చెప్పింది. నఫీసా తెర మీద దూరం చూస్తోంది. రాతిగది దగ్గరపడుతోంది, ఇంకొంచెం, ఇంకొంచెం.

"రత్నంగారూ, రాతిగది మీ కుడిపక్కనే ఉండాలి. కనపడిందా?"

"ఏటీ కనపడట్లేదు."

"కుడిపక్క..."

"దాటీసినట్టున్నాను డాక్టరమ్మా."

అప్పుడే సూరి కుర్చీ ఒక పక్కకి కుంగింది. కుర్చీ కుంగలేదని అతనికి తెలుసు. అయినా కుంగుతూనే ఉంది. పైకప్పు కాళ్ల దగ్గరున్నట్టు, నేల వీపు వెనకున్నట్టు తోచింది. పళ్లు బిగబట్టాడు. ఒరిగింది అక్కా, తనా? గాలి కొట్టింది ఇప్పుడా, ఇందాకా? కాలు బిగించాల్సిన చోట చెయ్యి బిగిసింది. చెమట కళ్లలోకి కారింది.

"ఒరే సూరీ." రత్నం గొంతు నెమ్మదిగా వచ్చింది. "నా మోకాళ్లు వణుకుతున్నాయి. ఇది నా వణుకు కాదు. ఏటయింది నీకు?"

"ఏటీ లేదక్కా. నువ్వు పద."

నఫీసా రేడియో మీట నొక్కింది. ఇంక దాచలేదు. తోడు వల్ల సూరి తూకం పోతోందని, కళ్లు మూసుకుంటే నిలబడలేకపోతున్నాడని, ఈ దిగుడు పూర్తయ్యేసరికి అది ఎప్పటికీ రాకుండా పోవచ్చని ముక్కుసూటిగా చెప్పేసింది.

గాలి హోరులోంచి రత్నం గొంతు వచ్చింది.

"డాక్టరమ్మా, వాడి తల మీంచి అది తీసెయ్యండి."

"మీరు పడిపోతారు."

"ముందు కూర్చుంటాను. కూర్చున్నాక పడేదేటుంది?"

"వద్దక్కా," సూరి అరిచాడు. "కొంచెమే ఉంది, నేనుంటాను..."

మాట పూర్తవలేదు. కడుపులో ధబ్బున ఏదో కూలబడింది. అక్క మంచులో కూర్చుంది. తర్వాత, పైన హెల్మెట్ మీది మీట ఆమే నొక్కేసిందేమో, దీపం ఆర్పినట్టు కొండంతా మాయమైంది.

*

కళ్లు తెరిస్తే గది గిర్రున తిరుగుతోంది. బెల్టు విప్పుకుని లేవబోయి నేల మీద పడ్డాడు. పాక్కుంటూ కిటికీ దగ్గరికెళ్లాడు. నఫీసా వెనక నించి నడుము పట్టుకుని నిలబెట్టింది. కిటికీ చట్రాన్ని రెండు చేతులా కరిచిపట్టుకున్నాడు.

కింద నించి చూస్తే ఇంకో సంగతి కనపడింది. గాలి ఏకబిగిన కొట్టట్లేదు. తెరలు తెరలుగా వస్తోంది. మంచుధూళి తెర ఒకటి వాలు మీద అడ్డంగా ఊడ్చుకుంటూ పోతుంది. దాని వెనక కాసేపు తెరిపి. ఆ తెరిపిలో మబ్బు సందుల్లోంచి ఎండ పడి దారి పక్క జెండాలు కూడా కనపడతాయి. మళ్లీ ఇంకో తెర. ఆ వాలు మధ్యలో, రాతిగదికి బాగా కింద, ఎర్ర చుక్క ఒకటి.

నఫీసా దూరదర్శిని అతని చేతికిచ్చి రేడియో నోటి దగ్గర పెట్టింది.

"అక్కా, నువ్వు కనపడతన్నావు. ఎడంపక్క నించి ఒక తెర వస్తంది. కూర్చునే ఉండు."

"ఉన్నాను."

తెర ఎర్ర చుక్కని మింగేసింది. తెర దాటిపోయింది. చుక్క అక్కడే ఉంది.

"తెరిపిచ్చింది. లే. కింద జెండాలు కనపడతన్నాయా?"

"పచ్చది కనపడుతోంది."

"దాన్నే చూస్తా రా."

ఆమె లేచింది. లేవడంలోనే తూలింది, కర్రలు రెండూ గుచ్చి నిలబడింది. పచ్చ జెండా మీంచి చూపు తిప్పకుండా, ఇన్నాళ్లూ గదిలో నేల చూసుకుంటూ నడిచిన నడకనే స్కీల మీద నడిచింది. జారింది. ఆగింది. మళ్లీ జారింది.

"కూర్చో అక్కా."

కూర్చుంది. తెర మింగింది. వదిలింది.

"లే."

అలా ఎన్నిసార్లో. నఫీసా చేతులు నొప్పెట్టినా అతన్ని వదల్లేదు. సూరికి గది ఇంకా తిరుగుతూనే ఉంది. కానీ చూపు మాత్రం ఆ వాలుకి మేకు కొట్టినట్టు నిలిచింది. ఏ తెర ఎంత జోరుగా వస్తోందో, ఎక్కడ చీలుతుందో, ఎక్కడ రెండు కలుస్తాయో చూస్తుంటే అర్థమవుతోంది. అక్క గొంతులో కూడా హుషారు మొదలైంది. "ఇంకొంచెం పోతాను, ఇంకా రాలేదు కదా?" అంటోంది. "వద్దు, కూర్చో," అంటున్నాడు. "నువ్వు మరీ పిరికోడివిరా," అంటూనే కూర్చుంటోంది.

ఒకసారి తప్పాడు. పక్కలు చూస్తూ ఉండగా కింది లోయ నించి ఎదురుగాలి ఒకటి లేచింది. అతను నోరు తెరిచేలోపే అది ఆమెని కొట్టింది. ఎర్ర చుక్క దొర్లడం కనపడింది, తర్వాత తెలుపు.

"అక్కా."

హోరు.

"అక్కా, మాటాడు."

నఫీసా కళ్లు మూసుకుని ఏదో దువా చదువుతోంది. సూరి దూరదర్శిని దించలేదు. తెర వదలడానికి యుగం పట్టినట్టయింది.

"ఒక కర్ర పోయింది," రత్నం గొంతు మంచు నమిలినట్టు వచ్చింది. "నేను పోలేదు. ఏ జెండా చూడమంటావు?"

సూరి ఇంకా జెండా వెతుకుతున్నాడు. నఫీసాయే చెప్పింది. "నీలం, రత్నంగారూ. మీ కుడిచేతి వైపు."

ఆఖరి వాలు మీద ఎండ పూర్తిగా కాసింది. అక్కడ రత్నం కూర్చోమన్నా కూర్చోలేదు. ఒంటి కర్రతో, నోరు తెరుచుకుని, చెక్కగది తలుపునే గురిపెట్టి చూస్తూ సూటిగా దిగి వచ్చేసింది.

సూరి ఎదురెళ్లబోయి మెట్ల మీంచి మంచులోకి బోర్లా పడ్డాడు. ఆమె స్కీలు విప్పుకుని వచ్చి పక్కన కూలబడింది. కనుబొమ్మల నిండా మంచు. ముందు చెంప మీద ఒకటి గట్టిగా ఇచ్చింది.

"ఎవర్నడిగి ఇచ్చీసేవురా నాకు నీ తూకం?"

"అడిగితే నువ్వు వద్దందువు."

"మరి?"

"అందుకే అడగలేదు."

ఇంకోటి కొట్టబోయి, ఆ చేత్తోనే తల దగ్గరికి లాక్కుంది. కొండ మీద దొర్లిపడినా ఏడవని మనిషి ఆ మంచులో వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూనే, "ఒంటరిగా దిగేనురా," అంది. "చూశావా? నేనే దిగేను."

*

నఫీసా ఆ కుర్చీ విప్పేసింది. మనిషి మెదడు అరువు తీసుకునే యంత్రం ఇంక కట్టనంది. ఆమె పనిచేసే హైదరాబాదు ప్రయోగశాల వాళ్లు ఫోను మీద ఫోను చేసి, ఇంత గొప్ప ఫలితం వచ్చాక వదిలేస్తారా అని అడిగారు. "ఫలితం ఇక్కడ గోడ పట్టుకుని నడుస్తున్నాడు, వచ్చి చూడండి," అని పెట్టేసింది. శీతాకాలం అయ్యేదాకా అక్కడే ఉండి సూరి చేత కసరత్తులు చేయించింది.

తూకం తిరిగొచ్చింది, సగమో, సగానికి కొంచెం ఎక్కువో. వెలుతురులో నడవగలడు. చీకటి పడితే గోడ కావాలి. ఇంక గోపురం చివరికి ఎక్కలేడని అతనికి తెలిసిపోయింది. దళం పెద్ద సింహాద్రి మాస్టారికి ఫోను చేసి ఆ మాట చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

"గొంతుకేటీ అవలేదు కదా?" అన్నాడు మాస్టారు.

"లేదు మాస్టారూ."

"అయితే పాటందుకో. ఏసవికొచ్చీ."

ఫోను పెట్టేశాక సూరి పెరట్లోకెళ్లి కాసేపు ఒక్కడే కూర్చున్నాడు. దుఃఖం లేదని కాదు. రత్నం కిటికీలోంచి చూసింది గానీ పలకరించలేదు.

మర్నాడు పొద్దున్న గాలి లేదు. రత్నం ఒక జత పొట్టి స్కీలు పట్టుకొచ్చి తమ్ముడి ముందు పడేసింది.

"పద."

"ఎక్కడికి?"

"పిల్లల వాలు మీదికి. నా కాళ్లతో బోలెడు దిగేవు. నీ కాళ్లతో దిగు."

పిల్లల వాలంటే పెరటి దిబ్బకంటే కొంచెం పెద్దది. గుప్పెడేసి పిల్లలు బాతుల్లా బిరబిరా జారిపోతున్నారు. సూరి పైన నిలబడి కిందికి చూశాడు. మోకాళ్లు వణికాయి. ఈ వణుకు మాత్రం అచ్చంగా తనదే.

రత్నం కింద నిలబడి తన ఎర్ర జాకెట్టు మీద చెయ్యి వేసి చూపించింది. "కాళ్లు చూడకు. నన్ను చూడు. అరికాళ్లలో మంచు ఏమంటుందో విను."

కర్రలతో తోసుకున్నాడు. రెండడుగులు జారి పడ్డాడు. లేచాడు. మళ్లీ పడ్డాడు. ఒక పాప ఆగి అతని కర్ర అందించి పోయింది. మూడోసారి పడలేదు. ఎర్ర జాకెట్టు ముందుకొస్తోంది, పెద్దదవుతోంది. చెవుల్లో గాలి, ముఖం మీద చలి, పాదాల కింద మంచు కరకర. కుర్చీలో ఎన్నడూ తగలనివి, తెలియనివి. వంకరటింకరగా, చేతులు చాపుకుని, పెద్దగా నవ్వుతూ దిగి, ఆగడం తెలియక అక్కని గుద్దేశాడు. ఇద్దరూ కలిసి పడ్డారు.

మీద పడ్డ మంచు దులుపుకుంటూ రత్నం ఏదో అనబోయింది. అప్పటికే సూరి స్కీలు భుజానికెత్తుకుని మళ్లీ పైకి ఎక్కుతున్నాడు.